“జెంటూ” పద విచారము

ఆంగ్ల నిఘంటువులలో పుట్టుకయు, అర్థమును స్థిరపడని అరుదైన పదములు కొన్ని గలవు. వానిలో “జెంటూ” యొకటి. ఒకప్పుడు మద్రాసులోని ఆంగ్లేయులు తెలుగువారిని ఈ పేరుతో పిలిచిరి. నేడది దక్షిణ సముద్రములందలి పెంగ్విను పక్షి యొకదానికి పేరుగా మిగిలినది. తమిళనాట తెలుగు పిల్లలకు మాతృభాష బోధించు నాకు ఈ పదచరిత్ర విచారింపదగినదిగా తోచినది.

యూల్, బర్నెల్ పండితులు తమ “హాబ్సన్-జాబ్సన్” నిఘంటువున (1886) దీనికి పోర్చుగీసు “జెంటియో” మూలమనిరి. అన్యమతస్థుడని దాని యర్థము. పోర్చుగీసువారు మహమ్మదీయులు కాని యీ దేశస్థులను అట్లు వ్యవహరించిరి. ఆంగ్లేయులు వారినుండి గ్రహించిరి.

అర్థము మాత్రము తావును బట్టి మారినది. వంగదేశమున జెంటూ యనగా హిందువు. హాల్హెడ్ 1776లో ప్రకటించిన “జెంటూ ధర్మశాస్త్రము” తెలుగువారిది కాదు. సంస్కృత ధర్మశాస్త్ర సంగ్రహమునకు పారసీకము ద్వారా వచ్చిన ఆంగ్లానువాదము. ఆయన ఈ పదమును సంస్కృత “జంతు” శబ్దముతో ముడివెట్టెను! ధ్వనిసామ్యమును మాత్రమే నమ్మిన వ్యుత్పత్తి ఎంత దారి తప్పునో దీనివలన తెలియును.

మద్రాసున జెంటూలనగా తెలుగువారు, మలబారులనగా తమిళులు. 1816లో క్యాంబెల్ తన వ్యాకరణమునకు తెలుగు పేరే పెట్టియు, దానినే సామాన్యముగా జెంటూ అందురని చేర్చవలసివచ్చెను. మరుసటి యేట విలియం బ్రౌన్ వ్యాకరణము జెంటూ పేరుతోనే వెలువడెను. 1852 నాటి సి. పి. బ్రౌను నిఘంటువు తెలుగు పేరుతో వచ్చినది. క్రమముగా పాతపేరు మరుగుపడెను.

ఇక పక్షి సంగతి. దాని తలపై తెల్లని పట్టె యుండును. దానిని తలపాగాగా నెంచి నావికులు ఆ పేరిడిరని యొక ఊహ, నిర్ధారణము లేదు. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన “పాపువా” యను పేరును పొరపాటే. పాపువాలో ఆ పక్షి లేదు.

“అయ్యా, మనలను ఇచట వడుగరందురు గదా, అది మన పేరేనా?” అని యొక విద్యార్థి నన్నడిగెను. వడుగరనగా ఉత్తరపువారు, అది పొరుగువారు దిక్కును జూచి పెట్టిన పేరు. జెంటూ పరదేశీయులు మతమును జూచి పెట్టిన పేరు. పెట్టినవారు విడువగనే అది పోయినది. తెలుగను పేరు మనము పలుకుచుండుటచే నిలిచినది. మన యిండ్లలో ఆ పలుకు ఆగినచో, మన మనుమలు ఆ పేరునకును నిఘంటువులలో అర్థము వెదకుకొనవలసి వచ్చును. అట్టి దుస్థితి రాకుండ జూచుట మన చేతిలోనే యున్నది.