తేదీ తెలియదని రాయడం కూడా చరిత్రే

ప్రాణహిత గోదావరిలో కలిసేచోట ఉన్న మన సిరొంచలో కాలానికి లెక్కలు ఎక్కువ. పంచాంగంలో శాలివాహన శకం, ప్రభవ మొదలైన అరవై పేర్లు. ఏటికి అవతల నిజాం కాగితాల్లో ఫసలీ. ఇవతల 1860 నుంచి దొరల ఇంగ్లీషు సంవత్సరం.

పెట్టె అడుగున దొరికిన కాగితం మీద ‘ప్రమోదూత’ అని మాత్రమే ఉందనుకోండి. అది 1870 కావచ్చు, 1930 కావచ్చు. అందులోనే సిరొంచ జిల్లా కచేరి మాట ఉంటే చిక్కు విడిపోతుంది. సిరొంచ ముఖ్యపట్టణంగా ఉన్న అప్పర్ గోదావరి జిల్లా 1874లో రద్దయి, మన తాలూకా చాందా జిల్లాలో చేరింది. కనుక అది 1870. ఆ మాట లేకపోతే తేలదు. తేలనిచోట ఏదో ఒక అంకె వేస్తే, రేపు చదివేవారికి అది ఊహ అని ఎలా తెలుస్తుంది?

కంప్యూటరుదీ ఇదే ఇబ్బంది. తేదీ గడిలో అది రోజు, నెల, సంవత్సరం మూడూ అడుగుతుంది. ఈ చిక్కు తీర్చడానికి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఒక రాత పద్ధతిని రూపొందించింది. 2019లో అది ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణంలో చేరింది. సంవత్సరం పక్కన ప్రశ్నార్థకం పెడితే సందేహం. అలలాంటి గీత పెడితే సుమారు. రెండు సంవత్సరాల మధ్య ఏటవాలు గీత పెడితే ఫలానా నుంచి ఫలానా దాకా. చదరపు బ్రాకెట్లలో 1870, 1930 అని రాస్తే రెండింటిలో ఒకటి. ఇలాంటి తేదీలతో లెక్కలు చేయడానికి ‘అన్‌డేట్’ వంటి ఉచిత సాధనాలున్నాయి. వాటి లోపలి రాతను ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసులు కాని అడవివాసులు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ నివసించినట్టు చూపాలి. లెక్క 1930 డిసెంబర్ 13 దగ్గర ఆగుతుంది. నిజాం ఫసలీ 1340 సరిగ్గా 1930 అక్టోబర్‌లో మొదలై 1931 అక్టోబర్‌లో ముగిసింది. ఆ ఫసలీ ఉన్న రసీదును ఒకరు 1930 అంటారు, మరొకరు 1931 అంటారు. రెండూ సగం నిజాలే. అక్టోబర్ నుంచి అక్టోబర్ దాకా అని రాస్తేనే పూర్తి నిజం. పక్కన ఆజూర్ నెల పేరు కూడా ఉంటే అది ఫసలీలో మొదటి నెల, గడువుకు ముందే పడుతుంది. ఆ ఒక్క మాట వదిలేస్తే ఒక కుటుంబం సాక్ష్యమే పోతుంది.

పెద్దల వాంగ్మూలాన్ని కూడా ఆ చట్టం నియమాలు సాక్ష్యంగా ఒప్పుకుంటాయి. అందుచేత అవ్వ ‘పెద్దవాన పడ్డ ఏడు’ అంటే ఆ మాటనే ముందు రాయండి. మీరు కట్టిన లెక్క దాని పక్కన రాయండి. ఎలా కట్టారో కింద రాయండి. అంకె తరువాత ఎవరైనా దిద్దగలరు. అవ్వ మాట పోతే మళ్లీ దొరకదు.