లినక్స్‌లో గేమ్స్: విండోస్ లేకుండా ఎంతవరకు ఆడొచ్చు, ఎక్కడ ఆగిపోతాం?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 చిప్, కాస్త కొత్త తరం ప్రాసెసర్ లేని కంప్యూటర్లకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అలా మిగిలిపోయిన మెషీన్లలో చాలావరకు నిక్షేపంగా పనిచేస్తున్నవే. బీటెక్ మొదటి సంవత్సరంలో కొన్న ల్యాప్‌టాప్‌ను ఉద్యోగం వచ్చేదాకా నెట్టుకురావాల్సిన ఇళ్లలో ‘లినక్స్ వేసేసుకో’ అన్న సలహా ఇప్పుడు తరచూ వినిపిస్తోంది. వెంటనే వచ్చే ఎదురు ప్రశ్న కూడా తెలిసిందే: మరి గేమ్స్?

పదేళ్ల కిందట దీనికి జవాబు ‘వాటి సంగతి మర్చిపో’ అనే. ఇప్పుడు ఆ జవాబు మారింది. ఒంటరిగా ఆడే గేమ్స్‌లో అత్యధికం లినక్స్ మీద నడుస్తున్నాయి. ఆన్‌లైన్‌లో నలుగురితో పోటీపడే పెద్ద గేమ్స్‌లో మాత్రం కొన్ని అసలు తలుపే తీయవు. ఈ తేడా ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే ముందు ఒక గేమ్‌కు ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఏం పనో చూడాలి.

వైన్ అనే దుబాసీ

విండోస్ నడిచే ల్యాప్‌టాప్, లినక్స్ నడిచే ల్యాప్‌టాప్ లోపల ఉండేది సాధారణంగా ఒకే రకం ప్రాసెసర్. గేమ్‌లోని లెక్కలు, కదలికల సూచనలు రెండింటికీ ఒకేలా అర్థమవుతాయి. చిక్కంతా గేమ్ బయటివాళ్లను ఏదైనా అడగాల్సి వచ్చినప్పుడే. ‘ఈ ఫైల్ తెరువు’, ‘ఈ శబ్దం వినిపించు’, ‘ఈ గోడను ఈ వెలుతురులో గీయి’ అని గేమ్ అడుగుతూనే ఉంటుంది. విండోస్ కోసం రాసిన గేమ్ ఆ మాటలన్నీ విండోస్ భాషలోనే అడుగుతుంది. బొమ్మలు గీయమని అడిగే భాషకు డైరెక్ట్3డీ అని పేరు. లినక్స్‌కు ఆ భాష రాదు.

మధ్యలో దుబాసీగా నిలబడేది వైన్. 1993లో మొదలైన ఈ ప్రాజెక్టును 1994 నుంచి అలెగ్జాండర్ జూలియార్ నడిపిస్తున్నారు. వైన్ అన్న పేరును విప్పితే వచ్చే వాక్యానికి అర్థం ‘వైన్ ఎమ్యులేటర్ కాదు’ అని. అది చమత్కారమే అయినా సాంకేతికంగా నిజం కూడా. ఎమ్యులేటర్ ఒక మెషీన్ మొత్తాన్ని సాఫ్ట్‌వేర్‌లో నటిస్తుంది, అందుకే నెమ్మదిస్తుంది. వైన్ అలా చేయదు. విండోస్ ఫంక్షన్లు ఏం చేస్తాయో గమనించి, అదే పని చేసే ఫంక్షన్లను కొత్తగా రాసి, గేమ్ పిలిచినప్పుడు వాటిని అందిస్తుంది. తొలి స్థిర వెర్షన్ 1.0 రావడానికి 15 ఏళ్లు పట్టింది. అది 2008 జూన్‌లో వచ్చింది.

ఇది చట్టబద్ధమేనా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. వైన్‌లో మైక్రోసాఫ్ట్ కోడ్ లేదు. బయటికి కనిపించే ప్రవర్తనను బట్టి సొంతంగా రాసిందే ఉంది. భారత కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52(1)(ఏబీ) కూడా ఇలాంటి పనికి చోటిస్తుంది. స్వతంత్రంగా తయారుచేసిన ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌తో కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం వేరే విధంగా సులువుగా దొరకనప్పుడు, దాన్ని రాబట్టడం ఉల్లంఘన కాదని ఆ సెక్షన్ చెబుతుంది. ప్రోగ్రామ్ మాత్రం చట్టబద్ధంగా మన చేతిలో ఉన్నదై ఉండాలి. దొంగ కాపీ గేమ్‌కు వైన్ పుణ్యస్నానం చేయించదు.

అమెరికన్ కంపెనీకి వచ్చిన భయం

లినక్స్ మీద గేమ్స్ తేవాలన్న ప్రయత్నాలు వైన్ ఒక్కదానితో మొదలుకాలేదు. ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ ‘డూమ్’ గేమ్‌ను 1994లోనే లినక్స్‌కు తెచ్చింది. 1998లో కాలిఫోర్నియాలో పుట్టిన లోకీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ పేరున్న గేమ్స్‌ను లినక్స్‌కు మార్చి పెట్టెల్లో అమ్మేది. కొనేవాళ్లు చాలక 2002 జనవరిలో మూతపడింది. అక్కడ పనిచేసిన శామ్ లాంటింగా రాసిన ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ మాత్రం బతికింది. నేటికీ లెక్కలేనన్ని గేమ్స్ దాని మీద ఆధారపడుతున్నాయి.

అసలు మలుపు వాణిజ్యపరమైనది. స్టీమ్ అనే గేమ్స్ దుకాణాన్ని నడిపే వాల్వ్ కంపెనీ వ్యాపారమంతా విండోస్ మీదే సాగేది. విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ సొంత యాప్ స్టోర్ తెచ్చినప్పుడు వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్‌కు ప్రమాదం కనిపించింది. అద్దెకున్న ఇంటి యజమానే పక్కనే అదే కొట్టు పెడితే ఎలా ఉంటుందో అలాంటి పరిస్థితి. పీసీ రంగానికి విండోస్ 8 ఒక విపత్తు అని 2012లో ఆయన బహిరంగంగానే అన్నారు. 2013 ఫిబ్రవరిలో లినక్స్‌కు స్టీమ్ వచ్చింది. 2015 నవంబరులో స్టీమ్ మెషీన్ల పేరుతో వివిధ కంపెనీలు లినక్స్ గేమింగ్ పెట్టెలు అమ్మాయి.

ఆ పెట్టెలు ఘోరంగా దెబ్బతిన్నాయి. కారణం సూటిగానే ఉంది: గేమ్ తయారీదారులు లినక్స్ కోసం ప్రత్యేకంగా మళ్లీ పనిచేస్తారని వాల్వ్ ఆశించింది, వాళ్లు చేయలేదు. నాకు తెలిసి ఈ మొత్తం కథలో అత్యంత విలువైన పాఠం నేర్పింది ఆ వైఫల్యమే. తయారీదారులను బతిమాలడం మానేసి, విండోస్ గేమ్‌నే ఉన్నదున్నట్టుగా లినక్స్‌లో నడిపించే దారిని వాల్వ్ ఎంచుకుంది. 2018 ఆగస్టులో ప్రోటాన్‌ను విడుదల చేసింది. ఇది వైన్‌కే మెరుగులు దిద్ది స్టీమ్‌లో కలిపేసిన రూపం. క్రాస్‌ఓవర్ తయారీదారు కోడ్‌వీవర్స్‌తో కలిసి దీన్ని రూపొందించారు. మొదట వాల్వ్ పరీక్షించి ఆమోదించిన గేమ్స్ 27 మాత్రమే.

ప్రోటాన్ నిలబడటానికి మరో ముక్క అవసరమైంది. డైరెక్ట్3డీలో అడిగిన బొమ్మలను లినక్స్‌కు తెలిసిన ఓపెన్‌జీఎల్‌లోకి మార్చడం వైన్‌కు ముందే వచ్చు కానీ, వేగం చాలేది కాదు. 2016లో క్రోనస్ గ్రూప్ వల్కన్ అనే కొత్త గ్రాఫిక్స్ ప్రమాణాన్ని విడుదల చేసింది. ‘నియర్: ఆటోమాటా’ అనే గేమ్‌ను లినక్స్‌లో ఆడాలన్న పట్టుదలతో ఫిలిప్ రెబోల్ అనే డెవలపర్ డైరెక్ట్3డీ 11ను వల్కన్‌లోకి తర్జుమా చేసే డీఎక్స్‌వీకేను రాశారు. వాల్వ్ ఆయనకు ఆ పని కోసమే జీతం ఇవ్వడం మొదలుపెట్టింది. డైరెక్ట్3డీ 12 కోసం వీకేడీ3డీ-ప్రోటాన్ అనే మరో ప్రాజెక్టు ఉంది. ఒక వ్యక్తి తన సరదా కోసం రాసిన కోడ్ మీద ఇప్పుడు ఒక కంపెనీ హార్డ్‌వేర్ వ్యాపారమే ఆధారపడి ఉంది.

దుబాసీ ఉంటే మాట ఆలస్యమవుతుంది కదా అనిపించవచ్చు. కొంత అవుతుంది. కానీ కొన్నిసార్లు తర్జుమానే మేలు చేస్తుంది. 2022 ఫిబ్రవరిలో ‘ఎల్డెన్ రింగ్’ విడుదలైనప్పుడు విండోస్‌లో అది మధ్యమధ్యలో తడబడేది. మధ్యలో తమ కోడ్ ఉండటం వల్ల వాల్వ్ ఇంజినీర్లు ఆ తడబాటును లినక్స్ వైపు చాలావరకు సర్దగలిగారు. అదే రోజు మార్కెట్లోకి వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి కన్సోల్‌కు ఇంతకంటే మంచి ప్రచారం దొరకలేదు. ఏఎండీ చిప్‌తో, ఆర్చ్ లినక్స్ ఆధారిత స్టీమ్‌ఓఎస్‌తో నడిచే ఆ కన్సోల్ కొన్న చాలామందికి తాము లినక్స్ వాడుతున్నామన్న సంగతే పట్టలేదు.

ఈ పనిలో కొంత లినక్స్ కెర్నల్‌లోకే చేరింది. ఒకేసారి అనేక పనులు ఒకదాని కోసం ఒకటి ఆగే పద్ధతి విండోస్‌లో ఒకలా, లినక్స్‌లో ఒకలా ఉంటుంది. ఆ తేడాను పూడ్చడానికి 5.16 వెర్షన్‌లో ఒక సదుపాయం, 2025 మార్చిలో వచ్చిన 6.14లో ఎన్‌టీసింక్ అనే డ్రైవర్ చేర్చారు. గేమ్స్ కోసం మొదలైన మార్పులు ఇప్పుడు అందరికీ అందే కెర్నల్‌లో భాగం.

తలుపు తీయని గేమ్స్

ఇంత జరిగినా వాలరెంట్ లినక్స్‌లో నడవదు. ఫోర్ట్‌నైట్, పీసీ పబ్‌జీ, కాల్ ఆఫ్ డ్యూటీ కొత్త గేమ్స్ కూడా అంతే. తర్జుమా చేతకాక కాదు. అడ్డు పడుతున్నది యాంటీ-చీట్, అంటే ఆటలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్.

గోడల అవతల ఉన్నవాళ్లను చూపించే, గురి తప్పకుండా కాల్చిపెట్టే చీట్ ప్రోగ్రామ్‌లు అమ్మేవాళ్లకు అదొక వ్యాపారం. అవి ఆపరేటింగ్ సిస్టమ్ లోలోపల దాక్కోవడంతో, వాటిని పట్టేవి కూడా అక్కడికే దిగాయి. రయట్ గేమ్స్ సంస్థ వాలరెంట్‌తో తెచ్చిన వాన్‌గార్డ్ విండోస్ కెర్నల్ స్థాయిలో, కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచే పనిచేస్తుంది. వైన్ ఈ స్థాయికి దిగదు; అది మామూలు ప్రోగ్రామ్‌ల స్థాయిలోనే మాట్లాడే దుబాసీ. 2024లో అదే వాన్‌గార్డ్‌ను లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కూ తప్పనిసరి చేయడంతో, అప్పటిదాకా వైన్‌తో ఆ గేమ్ ఆడుతున్నవాళ్లు ఒక్కసారిగా బయటపడ్డారు.

ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ అనే రెండు ప్రధాన సాఫ్ట్‌వేర్‌లు 2021లోనే ప్రోటాన్‌కు తలుపు తీశాయి. అయితే ఆ మద్దతును వాడుకోవాలా వద్దా అన్నది ఒక్కో గేమ్ తయారీదారు ఇష్టం. ఎల్డెన్ రింగ్‌లో వాడుకున్నారు. 2024 సెప్టెంబరులో జీటీఏ ఆన్‌లైన్‌కు బ్యాటిల్‌ఐ చేర్చినప్పుడు వాడుకోలేదు. కథ భాగం మాత్రం ఇప్పటికీ నడుస్తుంది. ఎపెక్స్ లెజెండ్స్ రెండేళ్లకు పైగా లినక్స్‌లో నడిచాక 2024 అక్టోబరు 31న ఆగిపోయింది. లినక్స్ స్వేచ్ఛ వల్లే మోసగాళ్లు అటు చేరుతున్నారని, నిజమైన స్టీమ్ డెక్ ఏదో, అలా నటిస్తున్న చీట్ ఏదో తేల్చడం కష్టమని తయారీదారులు చెప్పారు.

ఆ వాదనను కొట్టిపారేయలేం. తన కెర్నల్‌ను తానే మార్చుకోగల వ్యక్తి ముందు నిఘా సాఫ్ట్‌వేర్ బలహీనమే. కానీ విండోస్‌లో ఇంత కాపలా ఉన్నా మోసం ఆగలేదు. వేరే కంప్యూటర్ నుంచి కార్డు ద్వారా మెమరీ చదివే పరికరాలు కూడా వచ్చేశాయి. పైగా కెర్నల్‌లో బయటి సాఫ్ట్‌వేర్ ఒక్క తప్పు చేస్తే ఏమవుతుందో 2024 జులై 19న ప్రపంచం చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ లోపంతో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలి, విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాయాల్సి వచ్చింది. అది గేమింగ్ సాఫ్ట్‌వేర్ కాదు గానీ, కూర్చున్న చోటు అదే. ఒక ఆట కోసం ఇంట్లో బ్యాంకు లావాదేవీలూ చేసే ఏకైక కంప్యూటర్ కెర్నల్‌ను అప్పగించాలా అన్నది ఆడేవాళ్లు వేసుకోవాల్సిన ప్రశ్నే. కాలేజీ ఈ-స్పోర్ట్స్ పోటీలకు వెళ్లేవాళ్లకు మాత్రం ఇందులో ఎంపిక లేదు. వాలరెంట్ పోటీ అంటే విండోసే.

షూటింగ్ గేమ్స్ అన్నీ ఇంతే అనుకోనక్కర్లేదు. కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 వాల్వ్ సొంతవి కాబట్టి నేరుగా లినక్స్‌కే ఉన్నాయి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ కూడా నేరుగానే నడుస్తుంది.

మన దగ్గర పరిస్థితి

విండోస్ లేకుండా డాస్‌తోనో ఉబుంటుతోనో తక్కువ ధరకు ల్యాప్‌టాప్ అమ్మడం భారత మార్కెట్లో కొత్త కాదు. కొన్నవాళ్లలో చాలామంది ఇంటికొచ్చి దొంగ విండోస్ వేయించుకునేవారు, అందులో గేమ్స్ పాత్ర తక్కువేమీ కాదు. ఆ అవసరం ఇప్పుడు కొంతైనా తగ్గింది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్లుగా లినక్స్ మీదే పాఠాలు చెబుతున్నారు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ తేవడానికి పనిచేసింది. అయితే వీటి దృష్టి చదువు మీద, భాష మీద. గేమ్స్ మీద కాదు. స్టీమ్ డెక్‌ను వాల్వ్ ఇండియాలో అధికారికంగా అమ్మడం లేదు కాబట్టి, దిగుమతిదారుల దగ్గర ఎక్కువ ధరకు, ఇక్కడి వారంటీ లేకుండా కొనాల్సిందే. మన దగ్గర లినక్స్ గేమింగ్ అంటే ప్రధానంగా చేతిలో ఉన్న ల్యాప్‌టాపే.

దానికి సిద్ధపడేవాళ్లు మొదట ప్రోటాన్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో తమ గేమ్ పేరు వెతకాలి. ఆడినవాళ్లు తమ మెషీన్ వివరాలతో సహా ఏది నడిచిందో, ఏది నడవలేదో అక్కడ రాస్తారు. ఆన్‌లైన్ గేమ్ అయితే యాంటీ-చీట్ సంగతి విడిగా చూసుకోవాలి. లినక్స్ మింట్, ఉబుంటు వంటివాటిని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూశాకే ఇన్‌స్టాల్ చేయడం మంచిది. గేమింగ్ కోసమే సిద్ధం చేసిన బజైట్, నోబారా వంటివీ ఉన్నాయి. ఏఎండీ, ఇంటెల్ గ్రాఫిక్స్‌కు డ్రైవర్లు లినక్స్‌తోనే వస్తాయి. ఎన్విడియాకు సాధారణంగా విడిగా వేసుకోవాలి. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో గేమ్ ఏ చిప్ మీద నడుస్తోందో చూసుకోకపోతే అనవసరంగా లినక్స్‌ను తిట్టుకుంటాం. వల్కన్‌కు మద్దతు లేని మరీ పాత గ్రాఫిక్స్ చిప్ అయితే ఈ కథంతా వర్తించదు. ఇంకో సాధారణ పొరపాటు: డౌన్‌లోడ్ ఆదా అవుతుందని విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ విభాగంలో ఉన్న గేమ్స్‌నే ప్రోటాన్‌తో నడపబోవడం. అది తరచూ మొరాయిస్తుంది. లినక్స్ విభాగంలోకి మార్చుకోవడమే దారి. స్టీమ్ బయట కొన్న గేమ్స్‌కు హీరోయిక్, లూట్రిస్ అనే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి.

డబ్బు పెట్టకుండా ఆడాలంటే పూర్తిగా ఓపెన్ సోర్స్ గేమ్సూ ఉన్నాయి: సూపర్‌టక్స్‌కార్ట్, బ్యాటిల్ ఫర్ వెస్నాత్, ఓపెన్‌టీటీడీ. ‘0 ఏ.డీ.’ అనే చారిత్రక యుద్ధ గేమ్‌లో గ్రీకులు, రోమన్లతో పాటు మౌర్యులుగా కూడా ఆడొచ్చు. చంద్రగుప్తుడు, అశోకుడు, చాణక్యుడు ముగ్గురూ అందులో ఉన్నారు. సాధారణ ల్యాప్‌టాప్‌లోనూ చక్కగానే సాగుతుంది, వందల ఏనుగులు ఒకేసారి యుద్ధానికి దిగేదాకా.

స్టీమ్ ప్రతి నెలా చేసే హార్డ్‌వేర్ సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబరులో తొలిసారి 3 శాతం దాటింది. విండోస్ వాటా 94 శాతానికి పైనే. ఆ 3 శాతం కోసం తమ యాంటీ-చీట్ మార్చుకోవడం పెద్ద గేమ్ కంపెనీలకు లాభసాటి కాదు. 2025 నవంబరులో వాల్వ్ మళ్లీ స్టీమ్ మెషీన్ పేరుతోనే ఒక కొత్త పెట్టెను ప్రకటించింది. ఈసారి గేమ్స్ లేవన్న సాకు లేదు. బయట మిగిలిపోయింది ఆ పెద్ద షూటింగ్ గేమ్సే, వాటి తాళాలు వాల్వ్ చేతిలో లేవు.