గేరు మార్చిన నూనె

కారు నడపుట నేర్చినవారికి ఒక కష్టము తెలియును. ఎత్తు దారిలో బండి నీరసించినప్పుడు క్లచ్చి త్రొక్కి పైగేరునుండి క్రిందిగేరునకు దింపవలెను. సమయము తప్పెనా, గేరుపెట్టె కర్రుమనును. ఈ పనిని మనిషి చేతినుండి తీసికొని నూనెకు అప్పగించిన కథను శ్రోతలకు వినిపింపదలచితిమి.

కథ ఓడలతో ఆరంభమగుచున్నది. ఆవిరి టర్బైను మహావేగమున తిరుగును; ఓడను నడపు చక్రమో, నిదానముగా తిరిగినగాని నీటిని చక్కగా త్రోయజాలదు. జర్మనీలో స్టెట్టిన్ నగరపు వుల్కాన్ ఓడల కర్మాగారమున పనిచేయుచుండిన హెర్మన్ ఫ్యోటింగర్ ఈ రెంటికి నడుమ ద్రవమును నిలిపి, 1905లో పేటెంటు పొందెను. ఎదురెదురుగ రెండు పంకాలుంచి ఒకదానిని త్రిప్పినచో ఆ గాలికి రెండవదియు తిరుగును గదా! గాలికి మారుగా నూనె యుండుటయే యిందలి కిటుకు.

అమెరికాలో ఎర్ల్ థాంప్సన్ అను ఇంజనీరు గేరుల కరకరను మాన్పు సింక్రోమెష్ పద్ధతిని కల్పింపగా, 1928లో కాడిలాక్ కారులందు అది వచ్చెను. అంతటితో ఆయన తృప్తి చెందలేదు. జనరల్ మోటార్స్ సంస్థలో ఆయన నాయకత్వమున సాగిన కృషి ఫలితమే హైడ్రామాటిక్. 1939లో ప్రకటితమై, 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కారులలో అమ్మకమునకు వచ్చెను. ముందునకు నాలుగు గేరులు. క్లచ్చి పెడలు లేనే లేదు.

గేరు ఎప్పుడు దింపవలెనో నూనె కెట్లు తెలియును? లోపల రెండు ఒత్తిడులు పోరాడుచుండును. బండి వేగముతో పెరుగు ఒత్తిడి ఒకటి. దానిని గవర్నరు పుట్టించును. డ్రైవరు యాక్సిలరేటరు నదిమిన కొలది పెరుగునది రెండవది. ఒక చిన్న కవాటమునకు ఇరుప్రక్కల ఇవి నిలిచియుండును. మొదటిది గెలిచిన పైగేరు, రెండవది స్ప్రింగు సాయముతో గెలిచిన క్రిందిగేరు. ఎత్తెక్కునప్పుడు వేగము తగ్గును, పాదము అదుమును. కావున గేరు దిగును. ఆలోచన యేమియు లేని ఈ యంత్రము ఆలోచించినట్లే ప్రవర్తించుట మాకు ముచ్చట గొలుపును.

యుద్ధము దీనికి గట్టి పరీక్ష పెట్టెను. ఎం5 స్టూవర్ట్ తేలికరకపు టాంకులో రెండు కాడిలాక్ ఇంజనులు, రెండు హైడ్రామాటిక్‌లు నుండెను. పిమ్మట 1953 ఆగస్టు 12న మిషిగన్ రాష్ట్రమందలి లివోనియాలో వీనిని తయారుచేయు కర్మాగారము అగ్నికి ఆహుతియయ్యెను. కొంతకాలము కాడిలాక్, ఓల్డ్స్‌మొబీల్ కారులకు బ్యూయిక్‌వారి డైనాఫ్లోను అమర్చవలసి వచ్చెను.

ఇక నూనె సంగతి. బలమును అందించుట, కవాటములను కదల్చుట, పండ్లకు జిడ్డు పట్టించుట, వేడిని మోసికొనిపోవుట — నాలుగు పనులును దానివే. 1949లో జనరల్ మోటార్స్ దీనికి ‘టైప్ ఎ’ అను ప్రమాణము నేర్పరచెను. 1960ల చివర డెక్స్రాన్ వచ్చెను. లోని క్లచ్చి పలకలు కుదుపు లేక పట్టుకొనుటకై ఈ నూనెలలో కలిపినది స్పెర్మ్ తిమింగలము తలనుండి, కొవ్వునుండి తీసిన తైలము! సాఫీగా సాగిన ఆ ప్రయాణముల వెనుక సముద్రమున ఆ వేట జరుగుచుండెనని కారులో కూర్చున్నవారిలో ఎందరెరుగుదురు?

1970లో అమెరికా ఆ తిమింగలములను అంతరించు ప్రమాదమున్న ప్రాణుల పట్టికలో చేర్చెను. దిగుమతి ఆగెను. రసాయనజ్ఞులు మారు పదార్థము వెదకిరి. అది అంత సులభమగు పని కాదు: 1970లలో వచ్చిన తొలి డెక్స్రాన్ II, నూనెను చల్లబరచు గొట్టముల టంకమును తినివేయుచున్నట్లు తేలగా, తుప్పును నివారించు పదార్థములను చేర్చి మరల సవరించిరి.

ఆనాటి కారులను నేటికిని కాపాడుకొనుచున్నవారు కలరు. గేరు ఆలస్యముగా దిగినను, దిగునప్పుడు కుదిపినను వారు ముందుగా నూనె కడ్డీని చూతురు. కొలత తగ్గినచో పంపు గాలిని పీల్చి నూనె నురుగెత్తును, ఒత్తిడి సడలును. మాడు వాసన వేసినచో క్లచ్చి పలకలు కాలినవని శంకింపవలెను. పాతబడిన నూనె జిగురుగట్టి కవాటమును పట్టివేయును. తొలినాటి హైడ్రామాటిక్‌లో మరియొక చిక్కు గలదు: అడుగు తొట్టి బిరడా విప్పినంత మాత్రమున నూనె అంతయు రాదు. ఇంజను వెనుక తిరుగు కప్లింగునందు మరియొక బిరడా యుండును. దానిని విప్పనిచో పాత నూనెలో చాలభాగము లోపలనే నిలిచి, క్రొత్తదానిలో కలిసిపోవును.