ట్రాంక్ పుండ్లు

ఫెంటానిల్, హెరాయిన్ వంటి మత్తుమందుల్లో జైలజీన్ అనే పశువైద్య మందు కలవడం వల్ల, వాటిని వాడేవారి ఒంటి మీద లేచే మొండి పుండ్లను అమెరికాలో ట్రాంక్ పుండ్లు అంటారు. జంతువులను మత్తులో ఉంచే ట్రాంక్విలైజర్ పేరునే వీధి జనం కుదించి ట్రాంక్ చేశారు. ఫెంటానిల్‌తో కలిసిన పొట్లం ‘ట్రాంక్ డోప్’ అయింది. పుండ్లు ఎక్కువగా ముంజేతుల మీద, మోకాలి కింద కాళ్ల మీద పడతాయి. సూది గుచ్చని చోటా పడతాయి. ముక్కుతో పీల్చేవారికీ, పొగగా తాగేవారికీ వస్తాయి. వైద్యులను మొదట తికమక పెట్టింది ఈ సంగతే.

జైలజీన్‌ను మొదట తయారు చేసింది మనుషుల కోసమే. 1962లో జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ దాన్ని రక్తపోటు తగ్గించే మందుగా రూపొందించింది. తీరా మనుషులకు ఇచ్చి చూస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయింది, గుండె మందగించింది, మగత కమ్మింది. మనుషుల వైద్యం దాన్ని వద్దనుకుంది. ఆ మగతే పశువైద్యులకు పనికొచ్చింది. అమెరికా 1972లో జంతువుల వరకే అనుమతి ఇచ్చింది. మన ఊళ్లలోని పశువుల డాక్టర్లకు ఇది కొత్త మందు కాదు. కొమ్ము కోయాల్సిన ఎద్దుకూ, కుట్లు వేయాల్సిన గుర్రానికీ ముందుగా ఇచ్చేది తరచూ ఈ సూదే. ఊరి మీదికొచ్చిన చిరుతనో ఎలుగుబంటినో పట్టడానికి అటవీ సిబ్బంది వదిలే మత్తు సూదిలో కెటమైన్‌కు తోడుగా సాధారణంగా ఉండేదీ ఇదే.

మత్తు సరుకు ఒంటిని తినేయడం మాత్రం జైలజీన్‌తో మొదలు కాలేదు. 1853లో ఎడిన్‌బరో వైద్యుడు అలెగ్జాండర్ వుడ్ మార్ఫిన్‌ను చర్మం కిందికి సూదితో ఎక్కించే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. పాతికేళ్లు తిరక్కుండానే, 1876లో, మార్ఫిన్ సూదికి అలవాటుపడిన ఒకరికి ధనుర్వాతం వచ్చినట్టు ఇంగ్లండులో నమోదైంది. 1930లలో న్యూయార్క్‌లో ఒకే సూది పంచుకునేవారి మధ్య మలేరియా పాకింది. ఆ తర్వాత అక్కడి హెరాయిన్‌లో క్వినైన్ కలపడం మామూలైంది. మలేరియా తగ్గింది గాని, క్వినైన్ పడిన చోట కండ దెబ్బతిని ధనుర్వాతం క్రిమికి అనువైన నేల దొరికింది. 2000లో గ్లాస్గోలో క్లోస్ట్రీడియం క్రిమి సోకిన హెరాయిన్ పదుల మందిని బలి తీసుకుంది. అదే స్కాట్లండులో 2009 డిసెంబరు నుంచి మరుసటి ఏడాది వరకు హెరాయిన్ వాడేవారిలో ఆంత్రాక్స్ కనిపించింది: 119 కేసులు, 14 మరణాలు. రష్యాలోనైతే కోడీన్ మాత్రలను అయొడిన్, ఎర్ర భాస్వరం, పెట్రోలులతో వంటింట్లోనే ఉడికించి డెసోమార్ఫిన్ తయారు చేసుకునేవారు. సూది పడిన చోట చర్మం పొలుసులు కట్టి పచ్చబారేది కాబట్టి దానికి ‘క్రోకడిల్’, అంటే మొసలి అని పేరు. 2012 జూన్‌లో రష్యా డాక్టరు చీటీ లేకుండా కోడీన్ అమ్మకాన్ని ఆపింది.

ప్రతి తరంలోనూ లోకం ఇచ్చిన తొలి తీర్పు ఒక్కటే: శుభ్రత లేని మనుషులు, మురికి సూదులు. మురికి సూది పాత్ర లేదనలేం. కానీ పొట్లంలో ఇంకేం కలిపారో కొనేవాడికి తెలియదన్న మాట ప్రతిసారీ ఆలస్యంగానే గుర్తుకొచ్చింది.

జైలజీన్ విషయంలో ఆ ఆలస్యం దాదాపు రెండు దశాబ్దాలు. 2000ల తొలి ఏళ్లలోనే అమెరికా ఏలుబడిలోని ప్యూర్టో రికో దీవిలో అది వీధి హెరాయిన్‌లోకి చేరింది. అక్కడివారు దాన్ని స్పానిష్‌లో ‘అనెస్తేసియా దే కబాయో’, అంటే గుర్రపు మత్తు అన్నారు. వాడేవారి చేతుల మీద, కాళ్ల మీద పెద్ద పుండ్లు పడుతున్నాయని ఆ దీవిలో పనిచేసిన పరిశోధకులు 2010 తర్వాత రాసిన పత్రాల్లో స్పష్టంగా చెప్పారు. అమెరికా ప్రధాన భూభాగం అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ప్యూర్టో రికన్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఫిలడెల్ఫియాలో 2006 నాటి మరణాల్లోనే జైలజీన్ జాడ దొరికింది. 2021కి వచ్చేసరికి ఆ నగర ఆరోగ్య శాఖ పరీక్షించిన డోప్ నమూనాల్లో 90 శాతానికి పైగా అది ఉంది. ఫెంటానిల్ మత్తు త్వరగా దిగిపోతుంది, దాన్ని సాగదీయడానికి జైలజీన్ చౌకగా దొరికింది. అమ్మేవారి లెక్క ఇదే.

ఫిలడెల్ఫియాలోని కెన్సింగ్టన్ పేటలో, తలపైన రైలు నడిచే వంతెన నీడలో, స్వచ్ఛంద సంస్థల నర్సులు మడత కుర్చీ వేసి కట్లు కడుతుంటారు. పుండు మొదట ఊదారంగు మచ్చగానో చిన్న బొబ్బగానో కనిపిస్తుంది. రోజుల్లో నల్లటి, తోలులాంటి పెచ్చు కడుతుంది. దాని అంచున పసుపుపచ్చని మెత్తని కండ, ఇంకా లోపలికి పోతే స్నాయువు, ఎముక. పాత కట్టును నర్సు ఒక్కసారిగా లాగదు, ఉప్పునీటితో నానబెట్టి నిదానంగా విప్పుతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ దగ్గరికి రానివ్వదు, అవి బతికున్న కణాలనూ చంపుతాయి. సబ్బునీటితో కడిగి, పుండు ఎండిపోకుండా వాజిలైన్ పట్టించిన గాజుగుడ్డ పరిచి, పైన మందమైన దూది మెత్త వేసి చుడుతుంది. రేపో ఎల్లుండో మళ్లీ రమ్మంటుంది. ఇల్లూ నీళ్లూ లేని మనిషికి ఈ ‘మళ్లీ’ ఎంత కష్టమో ఆమెకు తెలుసు కాబట్టి, రెండు కట్లకు సరిపడా సరంజామా సంచిలో పెట్టిస్తుంది. ఓపిగ్గా ఇలా చూసుకుంటే, మత్తు ఇంకా మానని వారిలో కూడా చాలా పుండ్లు పూడుతాయి. చూసుకోని చోట వేళ్లు, చేతులు, కాళ్లు తీసేయాల్సి వచ్చింది.

పుండు ఎందుకు పడుతుందో పూర్తిగా తేలలేదు. జైలజీన్ చర్మంలోని సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేసి, ఆ మేరకు కణాలను ఆకలికి చంపుతుందన్నది ఎక్కువమంది చెప్పే వివరణ. గంటల తరబడి ఒకే భంగిమలో స్పృహ లేకుండా పడి ఉండటం, నొప్పి తెలియక పుండును గోకుతూ ఉండటం దానికి తోడవుతాయి.

2022 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ వైద్యులను హెచ్చరించింది. జైలజీన్ నల్లమందు జాతి మందు కాదు కాబట్టి, మోతాదు మించినప్పుడు ఇచ్చే నాలక్సోన్ దాని మగతను విరవలేదు. పొట్లంలో ఫెంటానిల్ కూడా ఉంటుంది గనుక నాలక్సోన్ ఇవ్వడం మాత్రం మానకూడదు. 2023 ఏప్రిల్‌లో అధ్యక్ష భవనపు మాదకద్రవ్య నియంత్రణ కార్యాలయం ఫెంటానిల్, జైలజీన్ మిశ్రమాన్ని ‘తలెత్తుతున్న ముప్పు’గా ప్రకటించింది. ఆ హోదాను వాడటం అదే మొదటిసారి. అప్పుడు దాని అధిపతి భారత్‌లో పుట్టిన వైద్యుడు రాహుల్ గుప్తా. అదే ఏడాది పొట్లంలో జైలజీన్ ఉందో లేదో చూపే కాగితపు పట్టీలు అందుబాటులోకి వచ్చాయి. ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రం జైలజీన్‌ను నియంత్రిత మందుల జాబితాలో చేర్చింది. బ్రిటన్ 2025 జనవరిలో నిషేధించింది. పత్రికలు మాత్రం ఈలోగా ‘జాంబీ డ్రగ్’ అని పేరు పెట్టి, వంగి నిలబడ్డ మనుషుల వీడియోలను లోకమంతా తిప్పాయి. పుండు దాచుకోవడానికి ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకునే మనిషి ఆస్పత్రి గడప తొక్కడానికి ఇంకా సిగ్గుపడేలా చేసిన పేరది.

2024 మధ్యలో ఫిలడెల్ఫియా సరుకు మళ్లీ మారింది. జైలజీన్ తగ్గి, దానికంటే ఎన్నో రెట్లు బలమైన మరో పశువైద్య మందు మెడెటోమిడిన్ చోటుచేసుకుంది. అది అందక విలవిల్లాడేవారు ఆగని వాంతులతో, ఉరికే గుండెతో, మితిమీరిన రక్తపోటుతో అత్యవసర విభాగాలకు వస్తున్నారు. వారిలో ఎంతోమంది కాళ్లకు పాత ట్రాంక్ పుండ్ల కట్లు ఇంకా ఉన్నాయి.