పుట్టపాకలో నూనె పట్టిన నూలు

యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాకలో తేలియా రుమాలు అనే గళ్ళ గుడ్డ పని మగ్గం దగ్గర మొదలవదు. నూలుకు నూనె పట్టించడంతో మొదలవుతుంది. రంగు కుండ పొయ్యి మీదికెక్కే ముందు దానికే రెండు వారాలు దాటిపోతాయి.

ఎండిన ఆముదపు కాయలను కాల్చి బూడిద చేస్తారు. ఆ బూడిదను నీళ్ళలో కలిపి, తేరుకున్న నీటిని వంచుకుంటారు. అందులో ఆముదమో నువ్వుల నూనెనో పోస్తే పాలలా తెల్లబడుతుంది. నూలు చిలపలను అందులో ముంచి, పిసికి, పిండి, ఎండలో ఆరేస్తారు. మర్నాడు మళ్ళీ అదే పని. రోజులు గడిచేకొద్దీ నూనె పోగులోకి ఇంకి అక్కడే స్థిరపడుతుంది. ఆ పైన పటిక, అలిజరిన్ తోడైతే వచ్చే ఎరుపు ఎన్ని ఉతుకులకైనా నిలుస్తుంది. అదే అలిజరిన్‌కు పటిక బదులు ఇనుము తగిలితే రంగు నలుపు వైపు తిరుగుతుంది. తేలియా రుమాలులో కనిపించేవి ప్రధానంగా ఎరుపు, నలుపు, తెలుపులే.

పూర్వం ఈ అలిజరిన్ ఎరుపు చిరువేరు అనే మొక్క వేళ్ళ నుంచి వచ్చేది. 1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబె, లీబర్మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాక వేళ్ళు తవ్వే పని తగ్గిపోయింది. నూనె పని మాత్రం తప్పలేదు.

నూనె పట్టిన నూలును పడుగుగా సాగదీసి, నమూనా ప్రకారం గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కడతారు. కట్టిన చోట తెలుపు మిగులుతుంది. ఒక రంగు అయ్యాక కొన్ని కట్లు విప్పి, ఇంకొన్ని వేసి రెండో రంగులో ముంచుతారు. పేక నూలును ఆసు మీద చుట్టి దానికీ ఇలాగే చేస్తారు. మగ్గం మీద పడుగు గుర్తు, పేక గుర్తు ఒకదానిపై ఒకటి కూర్చుంటేనే పువ్వు తేటగా విచ్చుతుంది.

ఈ విద్యకు పాత పేరు చీరాలది. అక్కడి రుమాళ్ళను జాలర్లు, పశువుల కాపరులు తలపాగాగా, లుంగీగా వాడేవారు. ఓడలెక్కి ఏడెన్‌కూ అరబ్బు తీరాలకూ వెళ్ళేవి. కొనేవారి సరదాను బట్టి నమూనాలు మారాయి: సింహాలు, గడియారాలు, చివరికి విమానాలు కూడా రుమాలు మీదికొచ్చాయి. విదేశీ బేరం సన్నగిల్లాక చీరాలలో పని తగ్గింది. తెలంగాణ వైపు దాన్ని నిలబెట్టినవారిలో పుట్టపాక పద్మశాలీలు ముఖ్యులు. ఈ ఊరి నేతగాడు గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇప్పుడు రుమాలును తలకు చుట్టుకునేవారు అరుదు. నేతగాళ్ళు అవే గళ్ళను, అవే ఎరుపు నలుపులను చీరల మీదికీ దుపట్టాల మీదికీ తెచ్చారు. నమూనాను అచ్చువేసి చవగ్గా అమ్మేవారూ ఉన్నారు. విమానాన్నయినా సింహాన్నయినా ఒక్క పూటలో గుడ్డ మీదికి దించవచ్చు. నూనె పనికి మాత్రం అడ్డదారి లేదు. అందుకే తెలిసినవాళ్ళు కొత్త గుడ్డ కొనేటప్పుడు ముందు డిజైను చూడరు, వాసన చూస్తారు. నూనె పట్టించిన నూలైతే ఆ వాసన ఒకటి రెండు ఉతుకులకు పోదు.