మందపై నక్కలు పడుతున్నాయా? తుపాకీ జోలికి వెళ్లకండి

నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల పక్క పొలాల్లో రాత్రి గొర్రెల మంద కట్టే రైతులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. లైసెన్సు తుపాకీ ఉన్నా నక్కను కాల్చరాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో నక్క షెడ్యూల్-1లో చేరింది. గొర్రెపిల్లలు పోయాయన్న కారణంతో దాన్ని చంపడానికి అనుమతి రాదు. నాటు తుపాకీ అయితే ఆయుధాల చట్టం కింద మరో కేసు. పైగా చీకట్లో గుండు చెరువు గట్టు మీది కాపలా మనిషికి తగలవచ్చు. కంచెకు కరెంటు పెట్టడమూ అంతే ప్రమాదం.

చీకటి పడకముందే పిల్లలను గంపల కింద మూయండి. దొడ్డికి ఇనుప వల కట్టి, అడుగు లోతున మట్టిలోకి దింపండి. నక్క తవ్వి దూరుతుంది. ఈనినప్పుడు పడిన మాయను లోతుగా పూడ్చండి, ఆ వాసనకే వస్తాయి. నక్క మీద వేసే నింద చాలాసార్లు ఊరకుక్కలది. బీమా ఉంటే, చనిపోయిన గొర్రెను పూడ్చకముందే పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించండి.