జార్జ్ అని పిలిస్తే పలికినవాళ్లు

ఆఫీసులో జాతి గురించో రాజకీయాల గురించో మాట వచ్చినప్పుడు, అక్కడ తనలాంటివాళ్లు ఒకరిద్దరే ఉన్న ఉద్యోగి ఎలా నెగ్గుకురావాలి? ఈ ప్రశ్నకు ఇప్పుడు దొరికే జవాబులన్నీ ఆ ఉద్యోగి నేర్పు చుట్టూనే తిరుగుతాయి. ఎప్పుడు నోరు విప్పాలి, ఎప్పుడు నవ్వి ఊరుకోవాలి, ఎదుటివాళ్లకు కోపం రాకుండా ఎలా తప్పుకోవాలి అని సలహాలన్నీ అతనికే చెబుతారు. అమెరికాలో పుల్‌మన్ కంపెనీ స్లీపర్ బోగీల్లో పనిచేసిన నల్లజాతి పోర్టర్ల చరిత్ర చూస్తే ఈ సలహాల మీద నమ్మకం సడలుతుంది. మాట ఆచితూచి వాడడంలో వాళ్లను మించినవాళ్లు అరుదు. రెండు మూడు తరాలు ఆ నేర్పుతోనే బతికారు. దాంతో ఇల్లు గడిచింది, పిల్లలు చదువుకున్నారు. కానీ అవమానానికి ఎదురు చెప్పే హక్కు మాత్రం ఉద్యోగానికి రక్షణ దొరికాకే వచ్చింది.

అంతర్యుద్ధం ముగిశాక జార్జ్ పుల్‌మన్ తన బోగీల్లో సేవకు బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లను ఏరికోరి పెట్టుకున్నాడు. 1920ల నాటికి సుమారు 12,000 మంది పోర్టర్లుండేవారు. నెలకు 400 గంటలు పనిచేయాలి, లేదా 11,000 మైళ్లు తిరగాలి. రాత్రి ప్రయాణికులు పడుకున్నాక వాళ్ల బూట్లన్నీ పాలిష్ చేయాలి, ఆ పాలిష్ డబ్బా పోర్టరే తన డబ్బుతో కొనుక్కోవాలి. జీతం చాలదు కనక టిప్పుల మీదే సంసారం. బోగీలో నడిచిన ప్రతి సంభాషణనూ ఈ లెక్కతోనే చూడాలి. ప్రయాణికులు పోర్టర్‌ను అతని పేరుతో పిలిచేవారు కాదు. యజమాని పేరుతో బానిసను పిలిచిన పాత అలవాటు చొప్పున, కంపెనీ యజమాని పేరైన జార్జ్‌ను అందరికీ తగిలించారు. ఆ పిలుపుకు నవ్వుతూ పలికితే టిప్పు వస్తుంది. నా పేరు అది కాదండీ అంటే టిప్పు పోవచ్చు, ఫిర్యాదు వెళ్తే ఉద్యోగమే పోవచ్చు. పైగా ప్రయాణికుల వేషంలో కంపెనీ వేగులు ఎక్కేవారు. ఎదురుగా కూర్చున్నది మామూలు మనిషో కంపెనీ మనిషో తెలియనప్పుడు, మనసులో మాట చెప్పమని పోర్టర్‌కు ఎవరు సలహా ఇవ్వగలరు?

ఈ మౌనాన్ని దాస్యబుద్ధి అన్నవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు, నల్లజాతివాళ్లలోనూ ఉన్నారు. ఆ మాట అన్యాయం. బోగీలో పెదవి విప్పని పోర్టరే స్టేషన్లో వార్తాహరుడు. రాబర్ట్ ఎబట్ 1905లో చికాగోలో పెట్టిన ‘చికాగో డిఫెండర్’ పత్రిక దక్షిణాది ఊళ్లకు చేరిందంటే ఎక్కువగా పోర్టర్ల చలవే. ఆ పత్రిక దొరికితే లాక్కునే ఊళ్లుండేవి. పోర్టర్లు కట్టలు దాచి తీసుకెళ్లి తమవాళ్లకు అందించేవారు. దక్షిణాది వదిలి ఉత్తరాది నగరాలకు తరలిపోయిన లక్షలమందిలో ఎందరికో అక్కడి పని, కూలి, బతుకుల సంగతి ఆ కట్టల ద్వారానే తెలిసింది. తెల్లవాళ్లు వదిలేసిన పత్రికలు, వాళ్లు పేకాడుతూ మాట్లాడుకున్న వ్యాపార రాజకీయాలు కూడా పోర్టర్ల వెంట ఇళ్లకు చేరేవి. వాళ్లకు అభిప్రాయాలు లేక కాదు, వాటిని చెప్పగల చోటు అది కాక ఊరుకున్నారు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. మిగతా కంపెనీలు గుమ్మం తొక్కనివ్వని కాలంలో పుల్‌మన్ వేలమందికి ఉద్యోగాలిచ్చింది కదా, అన్నం పెట్టిన చేతిమీద తిరగబడడమేమిటి అన్నది. చర్చి పెద్దలు చాలామంది ఇదే మాటన్నారు. పోర్టర్లు ప్రాణాలకు తెగించి మోసిన డిఫెండర్ పత్రిక సైతం 1927 దాకా వాళ్ల యూనియన్‌ను వ్యతిరేకించింది. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ఉన్న ఒక్క తలుపూ మూసుకుపోతే ఎక్కడికి పోతారు? అయితే కంపెనీ ఇచ్చిన ఉద్యోగానికి ధర ఆ మౌనమే. ఉపకారంగా ఇచ్చినదాన్ని ఇష్టమొచ్చినప్పుడు వెనక్కి తీసుకునే వీలుందని కంపెనీ తానే చూపింది: యూనియన్ మొదలవగానే కొన్ని బోగీల్లో ఫిలిపీనోలను పెట్టి పోర్టర్లను బెదిరించింది. (ఆ ఫిలిపీనోల మీద యూనియన్ మొదట్లో పగబట్టినట్టు మాట్లాడింది. ఈ చరిత్రలో బాధపెట్టే ఘట్టమది.)

ఆ యూనియన్ పెట్టడానికి న్యూయార్క్ పోర్టర్లు కొందరు 1925లో నాయకుడి కోసం వెతుకుతూ ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ దగ్గరికి వెళ్లారు. ఆయన పత్రికా సంపాదకుడు, సోషలిస్టు, మంచి వక్త. అన్నిటికీ మించి ఆయన పుల్‌మన్ ఉద్యోగి కాడు, ఆయన్ను తీసేసే వీలు కంపెనీకి లేదు. ఆగస్టు 25న హార్లెంలో జరిగిన మొదటి సభలో పోర్టర్లెవరూ మాట్లాడవద్దని ఆయనే చెప్పాడు. వేగులు పేర్లు రాసుకుపోతారని ప్రార్థన నుంచి ప్రసంగం దాకా అన్నీ తానే నడిపాడు. మాటకు హక్కు అడగడానికి కూడిన సభ మౌనంగా సాగడంలో ఆశ్చర్యమేమీ లేదు. వాషింగ్టన్‌లో రోజీనా టక్కర్ అనే పోర్టర్ భార్య ఇంటింటికీ వెళ్లి చందాలు గుట్టుగా వసూలు చేసేది. కంపెనీ కక్షగట్టి ఆమె భర్తను డ్యూటీ నుంచి తప్పించింది. ఆమె నేరుగా అధికారి ఆఫీసుకు వెళ్లి, నేను చేసే పనికి మీ కంపెనీతో ఏం సంబంధమని నిలదీసింది. భర్తకు డ్యూటీ తిరిగొచ్చింది. అదే మాట భర్త అని ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

చివరికి యూనియన్ గెలిచిందంటే అది అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలపు చట్టాల పుణ్యమేగా అనేవారున్నారు. 1934లో సవరించిన రైల్వే కార్మిక చట్టం లేకపోతే యూనియన్ బతికేది కాదన్నది నిజమే. 1927లో వేలల్లో ఉన్న సభ్యులు 1933 నాటికి 658కి పడిపోయారు. కానీ 1933 నాటి అత్యవసర రైల్వే చట్టం పుల్‌మన్ కంపెనీని వదిలేసింది. మరుసటి ఏడు సవరణలో పోర్టర్లకు చోటు దక్కిందంటే రాండాల్ఫ్ పట్టుదలే కారణం, ఆయన వెనక ఆ కొన్ని వందలమంది నిలబడడమే కారణం. 1937 ఆగస్టు 25న, సరిగ్గా పన్నెండేళ్లకు, కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టింది. నెలకు 400 గంటల పని 240కి తగ్గింది, జీతాలు పెరిగాయి, అన్యాయం జరిగితే విచారణ అడిగే పద్ధతి వచ్చింది. నా దృష్టిలో అన్నిటికంటే విలువైంది ఆ చివరిదే.

అలబామాలోని మాంట్‌గొమరీకి చెందిన పోర్టర్ ఇ. డి. నిక్సన్ 1920ల చివర్లో సెయింట్ లూయిస్‌లో రాండాల్ఫ్ ప్రసంగం విని యూనియన్‌లో చేరాడు. తిరిగి రాగానే మేనేజరు పిలిచి, ఆ మీటింగులకు వెళ్లే పోర్టర్లను సహించేది లేదన్నాడు. నేను చేరిపోయాను, నా ఉద్యోగం జోలికి వస్తే కోర్టుకెక్కుతానని నిక్సన్ జవాబిచ్చాడు. ఒప్పందం ఇంకా రాని రోజుల్లో, హక్కుతో కాక తెగువతో, తెల్ల అధికారికి నల్ల ఉద్యోగి ఎదురుగా నిలబడి చెప్పిన మాట అది. 1955 డిసెంబరు 1న మాంట్‌గొమరీ బస్సులో తెల్లవాళ్లకు సీటు వదలనన్నందుకు రోజా పార్క్స్‌ను అరెస్టు చేసినప్పుడు జామీను ఇచ్చి విడిపించినవాళ్లలో ఆయనొకడు. ఆయన ఉద్యోగం రైల్లో, దానికి యూనియన్ రక్షణ ఉంది కనక ఊళ్లోని తెల్ల యజమానులెవరూ ఆయన్ను పనిలోంచి తీసే స్థితిలో లేరు. మర్నాడు పొద్దున్నే యువ పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్‌తో సహా ఊళ్లోని మతాచార్యులకు ఫోన్లు చేసి బస్సుల బహిష్కరణకు ఒప్పించే పని మొదలుపెట్టి, ఆ తర్వాత తన రైలు డ్యూటీకి వెళ్లాడు.